పసుపు టోపీ మీద పందెం

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో, బ్రహ్మయ్యగారింట్లో ఏ గొడవా మాటలతో తేలదు. పందెంతో తేలాల్సిందే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాబట్టి, కాపరం పెట్టిన కొత్తలోనే ఈ ఏర్పాటు చేసుకున్నారు. గోడలకి ఏ రంగు వెయ్యాలి, వ్యాన్ కొనాలా కారు కొనాలా, అన్నీ పందేలే. ఆఖరికి ఎదురింటి గరాజ్ తలుపు ముందు తెరుచుకుంటుందా, పోస్టు బండి ముందు వస్తుందా అన్నదాని మీద కూతురికి అదితి అని పేరు పడింది. వినడానికి విడ్డూరమే! కానీ ఓడినవాళ్ళు నోరెత్తకూడదు, గెలిచినవాళ్ళు దెప్పకూడదు అన్న నియమాన్ని ముప్ఫై ఏళ్ళ పైబడి ఇద్దరూ తప్పలేదు. ఎన్ని సంసారాలకి ఉంటుందండీ అంతటి రాజ్యాంగం?

బ్రహ్మయ్య భార్య నాగమల్లేశ్వరి గెలిచిన పందేల్లోకెల్లా పెద్దది అమెరికా వచ్చిన మొదటి చలికాలంలోది. ఆవిడ కాలేజీలో చేరి లాబ్ పని నేర్చుకుంటానంది. ఈ చలిలో ఏ బస్సులు పట్టుకుని వెళ్తావు, ఇంట్లో నీకేం తక్కువైంది అన్నాడాయన. సరే, తెల్లారేలోగా మంచు పడితే నేను చేరతాను అందావిడ. ఆకాశం అద్దంలా ఉంది, పడనే పడదన్నాడాయన. పొద్దున లేచి చూస్తే వాకిట్లో మోకాలు లోతు మంచు. ఆ మంచు పుణ్యాన ఆవిడ కోర్సు చదివి, ఆస్పత్రి లాబ్‌లో పాతికేళ్ళు పనిచేసి రిటైరైంది.

రెండువేల పదకొండు ఆగస్టులో మాత్రం పందెంలో పెట్టాల్సి వచ్చింది బ్రహ్మయ్య గుండెనే.

రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి, బైపాస్ తప్పదు, ఆలస్యం చెయ్యొద్దని డాక్టర్ చెప్పి నెల దాటింది. ఈయన వింటేనా! "మందులు వేసుకుంటున్నాగా, వాకింగ్ చేస్తున్నాగా" అంటాడు. గుడి క్యాంటీన్‌లో పదిమంది ముందూ, నా ఒంటి మీద కత్తి పడనివ్వనని ప్రకటించి మరీ వచ్చాడు. ఇక వెనక్కి తీసుకుంటే పరువు పోదూ? అసలు సంగతి నాగమల్లేశ్వరికి తెలుసు. ఆయన అన్నగారు గుంటూరులో ఆపరేషన్ బల్ల మీదే పోయారు. భయం. భయమని ఒప్పుకునే నోరు ఆ దేవుడు ఆయనకివ్వలేదు.

"ముప్ఫై ఏళ్ళు కార్ల కంపెనీలో బ్రేకులు చేశారు. బ్రేకు గొట్టం పూడుకుపోయిన బండిని రోడ్డెక్కనిచ్చేవారా?" అని ఒకరోజు నిలదీసింది.

"నేను బండినా?"

"బండైతే ఈపాటికి షెడ్డుకి తోలేదాన్ని."

ఆ నెలంతా ఆవిడ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. నిద్రలో ఆయన ఊపిరి కాస్త ఆగినట్టనిపిస్తే చాలు, లేచి కూర్చునేది. ఆయన పెరట్లో దోసపాదు దగ్గర వంగితే కిటికీలోంచి చూస్తూ నిలబడేది. లేచేదాకా ఆవిడకి గుండె గుండెలో ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఓ ఆదివారం. గుళ్ళో అర్చన చేయించి, క్యాంటీన్‌లో వడ్డన చేసి, ఆవిడ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. బ్రహ్మయ్య టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. గోల్ఫ్.

ఈ గోల్ఫ్ పిచ్చి ఆయనకి ఆఫీసులో అంటుకుంది. ప్రమోషన్ల మాటలన్నీ గోల్ఫ్ గడ్డి మీదే జరుగుతాయని కనిపెట్టి, కర్రలు కొని, ఎండలో వాళ్ళ వెంట తిరిగాడు. ప్రమోషన్ సంగతేమో గానీ పిచ్చి మాత్రం నిలిచింది. పెద్ద పోటీ జరిగినప్పుడల్లా పాత ఆఫీసు మిత్రులతో పందెం కాస్తాడు, ఎక్కువసార్లు గెలుస్తాడు కూడా. అందుకే నాగమల్లేశ్వరి అన్నింటి మీదా పందెం కాసేది గానీ గోల్ఫ్ జోలికి మాత్రం పోయేది కాదు.

"మల్లీ, ఇలా కూర్చో. ఆ ఆపరేషన్ సంగతి ఇవాళ తేల్చేద్దాం," అన్నాడు బ్రహ్మయ్య.

ఆవిడ వంటింట్లోకి వెళ్తున్నదల్లా ఆగింది. చేతిలో ప్రసాదం డబ్బా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఆ పసుపు టోపీ కుర్రాడు నావాడు. నిన్నటికి నాలుగు స్ట్రోకులు ముందున్నాడు. వాడు గెలిస్తే ఈ ఇంట్లో ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఓడితే రేపే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. మిగతా అందరూ నీవాళ్ళే."

"నాలుగు ముందుంటే గెలిచినట్టేగా! నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారా?"

"నీకు డెబ్భైమంది ఉన్నారు, నాకొక్కడే. ఇష్టమైతే కాయి, లేకపోతే మానెయ్."

మింగలేక కక్కలేక లెక్క వేసుకుందావిడ. కాయకపోతే ఆయన ఎలాగూ వెళ్ళడు. కాస్తే, ఆ డెబ్భైమందిలో ఏ మహానుభావుడైనా ఆదుకోకపోతాడా?

"కాశాను," అంది.

తర్వాత రెండు గంటలు ఆవిడ పడ్డ యాతన పగవాళ్ళకి కూడా వద్దు. ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వాళ్ళదే గెలుపట, ఇదేం ఆటండీ బాబూ! కళ్ళజోడు కార్లోనే వదిలేసింది. తెచ్చుకోవడానికి వెళ్తే ఏం జరిగిపోతుందోనని కదల్లేదు. తెర మూలన ఏవో చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయి, అవేమిటో చదవలేకపోయింది. పసుపు టోపీవాడు బంతి కొట్టినప్పుడల్లా, "పడకు, పడకు, ఆ గుంటలో పడకు తల్లీ" అని బంతినే బతిమాలుకుంది. లేచింది, కూర్చుంది, వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, చెయ్యి కడక్కుండానే వచ్చేసింది. వేంకటేశ్వరస్వామికి మొక్కింది. మళ్ళీ ఒకడు ఓడిపోవాలని మొక్కడం పాపమేమోనని ఆ కుర్రాడి తల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

బ్రహ్మయ్య మాత్రం కదలడు. మామూలుగా అయితే సోఫా విరిగేలా ఎగిరి గంతులేసే మనిషి! ఇవాళ చేతులు కట్టుకుని, గుడిలో హరికథ వింటున్నట్టు కూర్చున్నాడు. ఎంత ధీమా ఈ మనిషికి అని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"మాట్లాడరేం? గెలిచేస్తున్నాననా?"

"చూడు, చూడు," అన్నాడంతే.

ఆట చివరికొచ్చింది. పసుపు టోపీ ఇంకా రెండు ముందున్నాడు. నాగమల్లేశ్వరి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వాడు కొట్టిన బంతి గాల్లోకి లేచింది, వంకర తిరిగింది, వెళ్ళి చెరువులో పడింది. ఇంకోటి కొట్టాడు. అదీ చెరువులోకే. ఎవడో నీలం చొక్కావాడు టోపీ ఎగరేస్తున్నాడు.

"ఓడాడా? ఓడినట్టేనా? చెప్పరేమండీ!"

"ఓడాడు," అన్నాడు బ్రహ్మయ్య, నిట్టూర్చి. "పందెం పందెమే. రేపు ఫోన్ చేస్తాను. నీ మాట విని కాదు సుమా, ఓడాను కాబట్టి."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. దేవుడి గదిలోకి పరిగెత్తి దీపం వెలిగించి, అక్కడే కూలబడి ఏడ్చేసింది.

సాయంత్రం అరోరా అనే ఊరి నుంచి అదితి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, అదీ ఇంగ్లీషు మీద నడిపించి.

"అమ్మా, నాన్న ఓకేనా? తన గోల్ఫ్ గై ఓడిపోయాడని లంచ్‌టైమ్‌లో ఫోన్‌లో చాలా డల్‌గా ఉన్నాడు."

"లంచ్ టైమ్‌లో ఏంటే, వాడు ఓడింది ఇందాకే కదా! నా కళ్ళతో చూశాను."

"నో అమ్మా. అక్కడ స్టార్మ్ వస్తుందని ఎర్లీ మార్నింగే స్టార్ట్ చేసి, నూన్‌కి ఫినిష్ చేసేశారు. టీవీలో వేసింది రికార్డింగ్. నాన్నే చెప్పాడు నాకు, రెండుసార్లు వాటర్‌లో కొట్టాడని."

నాగమల్లేశ్వరి ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుండిపోయింది. ముందు కోపం వచ్చింది. ఎంత మోసం! రెండు గంటలు నా ప్రాణాలు తోడేస్తుంటే చేతులు కట్టుకుని చూస్తాడా ఈ మనిషి? తర్వాత బుర్రకి ఎక్కింది. ఆయన చేసింది మోసమే గానీ, గెలవడానికి చేసిన మోసం కాదు. ఓడిపోతుందని తెలిసిన గుర్రం మీద కావాలని కాశాడు. సరేనని నోటితో అనలేక, ఓడిపోయే దారి వెతుక్కున్నాడు.

కిటికీలోంచి చూస్తే ఆయన దోసపాదుకి నీళ్ళు పడుతున్నాడు. వెళ్ళి కాలరు పట్టుకోవాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. గెలిచినవాళ్ళు దెప్పకూడదు కదా.

ఆ రోజు నుంచి ఆవిడకి కొత్త అలజడి పట్టుకుంది. పాత పందేలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి గుచ్చడం మొదలుపెట్టాయి. అదితి పేరు తను పెట్టాలనుకున్నదే. ఎదురింటాయన ఎప్పుడు ఆఫీసుకి బయల్దేరతాడో రోజూ అదే వేళకి వెళ్ళే ఈయనకి తెలియదా? మరి ఆ మంచు? ఆకాశం అద్దంలా ఉందన్నాడే! తను ప్రాణం పెట్టి కోరుకున్న పందెం ఒక్కటి కూడా ఓడలేదేం?

ఆపరేషన్ రోజు పొద్దున ఆస్పత్రిలో నర్సు వచ్చి మంచం చక్రాల బ్రేకు తీసింది. బ్రహ్మయ్య ఆ బ్రేకు వంక ఓసారి పరీక్షగా చూసి, "పరవాలేదు, గట్టిదే," అన్నాడు. ఆయన చేతివేళ్ళు మంచులా చల్లబడి ఉన్నాయి. నాగమల్లేశ్వరి వాటిని రెండు చేతులతో పట్టుకుంది. ఇక ఆగలేకపోయింది.

"ఏమండీ, ఒక్కమాట. నా కాలేజీ పందెం రోజున, మంచు పడుతుందని మీకు ముందే తెలుసా?"

బ్రహ్మయ్య పైకప్పు కేసి చూశాడు. "రేడియోవాడు చెప్పినవన్నీ నిజమవుతాయా ఏంటే?" అన్నాడు.

ఆవిడ రేడియో మాట ఎత్తనేలేదు.

"త్వరగా రండి. మీతో తేల్చుకోవాల్సిన పందేలు చాలా ఉన్నాయి," అంది.

మంచం తలుపులు దాటి లోపలికి వెళ్ళిపోయింది. నాగమల్లేశ్వరి కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. గోడ మీద టీవీలో ఏదో ఆట వస్తోంది, ఆవిడ అటు చూడలేదు. ఈ ఒక్క పందెం ఎలా ముగుస్తుందో మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు, ఆయనకి కూడా.