సీసా మీద నా సంతకం

1982 ఆగస్టు. విశాఖపట్నం ఓడరేవుకు దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు పరీక్షాశాలలో నేను సీనియర్ కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఔటర్ హార్బర్‌లో ఓడకెక్కే ఇనుప ఖనిజం నమూనాలు మా దగ్గరికి వచ్చేవి. వాటిలో ఇనుము ఎంత శాతం ఉందో తేల్చి ధ్రువపత్రం ఇవ్వడం మా పని. అదే ఖనిజాన్ని సముద్రానికి అవతల మరో పరీక్షాశాల మళ్ళీ పరీక్షిస్తుంది. రెండు అంకెలూ కలవకపోతే ముందు పోయేది మా పేరు.

ఆ సంవత్సరం మా దగ్గర ఇద్దరు ప్రొబేషనర్లు, అంటే ఆరు నెలల పరిశీలన మీద చేరిన కెమిస్టులు ఉండేవారు. మోహన్‌ది విజయవాడ. దేశంలో పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు కుర్చీ జరిపి కూర్చోబెట్టే విద్యాసంస్థలో చదివాడు. పైడిరాజుది ఈ ఊరి సముద్రపు ఒడ్డే. తండ్రీ అన్నలూ చేపల వేటకు వెళ్ళేవారు. అతను మాత్రం ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశాడు. నేను చదివింది కూడా అక్కడే. కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయాలను పాఠకులు కొంత తగ్గించి తీసుకోవడం మంచిది.

మా చీఫ్ కెమిస్టు గారికి మోహన్ చదివిన సంస్థ అంటే వల్లమాలిన గౌరవం. కుర్రతనంలో ఆయనకు అక్కడ సీటు రాలేదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏ విశ్వవిద్యాలయం గొప్పదన్న చర్చ తరచుగా వచ్చేది. అక్కడి నుంచి వచ్చినవాళ్ళ తెలివే ఆ సంస్థ గొప్పతనానికి నిదర్శనమని ఆయన అనేవారు. తెలివైనవాళ్ళనే ఏరి చేర్చుకున్నప్పుడు ఆ తెలివి సంస్థ ఇచ్చిందని ఎలా చెప్పగలం, వాళ్ళే మరోచోట చదివి ఉంటే ఏమయ్యేవారో చూడకుండా పోలిక ఎలా కుదురుతుందని నేను అడిగేదాన్ని. ఆయన నవ్వి పెరుగన్నం కలుపుకునేవారు.

ఇద్దరు కుర్రాళ్ళూ చెప్పుకునే కబుర్లు నాకు ఇంతకంటే పనికొచ్చేవి. మోహన్ వాళ్ళ లేబొరేటరీలో ద్రావణాలన్నీ అటెండర్లే కలిపి, సీసాల్లో పోసి, లేబుల్ వేసి బల్ల మీద పెట్టేవారట. విద్యార్థి ఆలోచించాలి తప్ప సీసాలు కడుగుతూ కూర్చోకూడదన్నది అక్కడి పద్ధతి.

"మా దగ్గర ప్రొఫెసర్ బోర్డు మీద తప్పు రాస్తే వెనక బెంచీవాడు లేచి చెప్తాడు. ఆయన థాంక్స్ చెప్పి తుడిచేస్తాడు" అన్నాడు ఒకరోజు.

పైడిరాజు నవ్వాడు. "మా కాడ మేస్టారి తప్పు కూడా నోట్సులోకి ఎక్కించుకుని, పరీచ్చలో అదే రాసీవోలం బావా. లేపోతే మార్కులు పోతాయి."

"అందుకే మీ పట్టా బరువెక్కువ. తప్పులు కూడా అందులోనే ఉన్నాయిగా."

అప్పుడు ముగ్గురమూ నవ్వుకున్నాం. ఆ మాటల్లో దాగి ఉన్నది రెండు వారాల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

మేము ఇనుమును తేల్చే పద్ధతిని టైట్రేషన్ అంటారు. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, బ్యూరెట్ అనే సన్నటి గాజుగొట్టం నుంచి డైక్రోమేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతాం. ఊదారంగు తిరిగిన చోట ఆపి, ఎంత పట్టిందో చూస్తాం. ఆ ద్రావణం బలం ఖచ్చితంగా తెలిసి ఉండాలి. లేబుల్ మీద రాసినదానికంటే అది పలచగా ఉంటే, ఎక్కువ పడుతుంది. ఖనిజంలో ఇనుము ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని ద్రావణం కలిపే బాధ్యత నాది. కలిపి, సరిచూసి, పెద్ద సీసాలో పోసి, లేబుల్ మీద సంతకం చేసేదాన్ని. నేను ఇచ్చిన సీసా తప్ప మరేదీ వాడకూడదన్నది నేనే పెట్టిన నియమం.

ఆ వారం వానలు వదలకుండా కురిశాయి. ఒక ఓడ సరుకు నమూనా వస్తే, అలవాటు ప్రకారం ఇద్దరికీ చెరొక భాగం ఇచ్చాను. మోహన్‌కు అరవై మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. పైడిరాజుకు అరవై మూడు. బయటివాళ్ళకు ఇది తేడాలా కనిపించదు. మాకు ఇందులో నాలుగో వంతు తేడా వచ్చినా నిద్ర పట్టదు. మళ్ళీ చేయించాను. ఎవరి అంకె వాళ్ళకే వచ్చింది.

చీఫ్ కెమిస్టు గారికి సందేహమే కలగలేదు. మోహన్ అంకెతో ధ్రువపత్రం సిద్ధం చేయమన్నారు. పైడిరాజు ప్రొబేషన్ ముగియడానికి పది రోజులుంది. ఫలితాలు నమ్మదగినవి కానందున కొనసాగించడం లేదని ఉత్తరం టైపు చేయించారు. అటువంటి ఉత్తరం చేతికి వచ్చిన కెమిస్టును ఈ ఊళ్ళో మరే పరీక్షాశాలా గడప తొక్కనివ్వదు. అప్పుడే కడుతున్న స్టీల్ ప్లాంటులో ఎప్పటికైనా ఉద్యోగం వస్తుందన్న ఆశ కూడా దానితోనే పోతుంది.

నేను రెండు రోజుల గడువు అడిగాను. చదివిన చోటును బట్టి కాక చేతిని బట్టి తేల్చుదామన్నాను. పత్రం మీదా, ఉత్తరం మీదా సంతకం పెట్టకుండా ఆగడానికి ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఇద్దరికీ ఐదేసి పొట్లాలు కట్టి, వాటి మీద నా ఒక్కదానికే తెలిసిన గుర్తులు వేశాను. అందులో ఒకటి రెఫరెన్స్ ఖనిజం, అంటే ఇనుము శాతం ముందే నిర్ధారించి ధ్రువీకరించినది. మిగతా నాలుగింటిలో, చెయ్యి నిలకడ తెలియడానికి, రెండు ఒకే ఖనిజం. ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాను. మర్నాటి సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. రెఫరెన్స్ ఖనిజం దగ్గర పైడిరాజు అంకె సరిగ్గా కలిసింది. మోహన్ అంకెలు ఐదూ పైడిరాజు అంకెల కంటే ఎక్కువగా ఉన్నాయి, అన్నీ ఒకే నిష్పత్తిలో.

ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం శాస్త్రీయమైనది కాదని ఒప్పుకోవాలి. నేను చదివిన చోటు గెలిచిందన్న సంతోషం అది. మోహన్‌ను పిలిచి కాగితం చూపించాను. అతను రెండు నిమిషాలు అంకెల వంక చూసి, ఏమాత్రం తడబడకుండా చెప్పాడు.

"చెయ్యి తప్పితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ రావాలి మేడమ్. అన్నీ ఒకే వరసలో ఎక్కువ వచ్చాయంటే తప్పు సీసాది. లేబుల్ మీద మీ సంతకం చూసి నేను మళ్ళీ సరిచూడలేదు, అది నా పొరపాటే. కానీ ద్రావణం మీది. మీరొకసారి చూడాలి."

నా కింద పనిచేసేవాళ్ళెవరూ అంతవరకు నాతో అలా మాట్లాడలేదు. కోపం వచ్చింది. కానీ అతని వాదనలో నాకు లోపం దొరకలేదు. మరి అదే సీసా వాడిన పైడిరాజుకు సరైన అంకె ఎలా వచ్చింది? అతన్ని పిలిచి ఏ ద్రావణం వాడావని అడిగాను.

"నాను కలుపుకున్నదే మేడమ్."

ఎందుకని అడిగాను.

"మా డిపార్ట్‌మెంటుల అరవై మందిమి ఒక్క సీసా మీద పడీవోలం. ఎవుడో ఒకడు తడి పిపెట్ గొట్టం ముంచీసి పలచన సేసీసీవోడు. అప్పుట్నుంచి నాది నాను కలుపుకోపోతే సెయ్యాడదు." నోటు పుస్తకం బల్ల మీద పెట్టి, "మీ సీసాది కూడా పక్కన పెట్టి సూసినాను. అది ఎక్కువ పడతంది. నాదే తప్పనుకున్నాను మేడమ్. మూడుసార్లు మల్లీ కలిపినాను" అన్నాడు. నోటు పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాడు. మూడు తూకాలూ పెన్సిలుతో, చెరిపేయడానికి వీలుగా, రాసి ఉన్నాయి.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్తాను? మీరు సూసి సంతకం ఎట్టినదాన్ని నాను మల్లీ సూసినానంటే, మిమ్మల్ని నమ్మనట్టు కాదా?"

"ఉద్యోగం పోతుందని తెలిసి కూడానా?"

"సెప్పినా పోద్ది కదా మేడమ్. రూలు తప్పినాను."

ఆ మర్యాద అతనికి ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. నాకూ అక్కడే అబ్బింది.

సీసాలోని ద్రావణాన్ని నేనే పరీక్షించాను. నూటికి ఒక వంతుకు పైగా పలచబడి ఉంది. ఎలా జరిగిందో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. తూకం సరే, కలపడం సరే. ఆ వానల్లో కడిగిన సీసాలు ఆరలేదు. అడుగున, మందు కొలిచే చిన్న గ్లాసుడు నీళ్ళు నిలిచిన సీసాలోకి నేను ద్రావణాన్ని పోశాను. సీసాను ముందు అదే ద్రావణం కాస్త పోసి కడిగి పారబోయాలన్నది మొదటి ఏడాది పాఠం. ప్రతి మాటకూ రుజువు అడిగే నేను, ద్రావణాన్ని సీసాలో పోయకముందు సరిచూశాను. పోసిన తర్వాత చూడలేదు.

ఆ సీసా తెరిచి ఎన్నాళ్ళయిందన్నది తర్వాతి ప్రశ్న. రిజిస్టరు తీసి చూశాను. సీసా తెరిచి ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో ఒక్క ధ్రువపత్రం కూడా బయటికి వెళ్ళలేదు. వెళ్ళవలసిన ఒక్కటీ చీఫ్ కెమిస్టు గారి బల్ల మీద, సంతకం లేకుండా, పైడిరాజు ఉత్తరం పక్కనే ఉంది. నేను కుర్చీలో కూర్చుని ఒక గ్లాసు మంచినీళ్ళు మొత్తం తాగాను.

ఆయనకు జరిగిందంతా చెప్పాను. విని, ఉత్తరాన్ని నిదానంగా నాలుగు ముక్కలు చేశారు.

"అయితే ఇప్పుడు మెమో ఎవరికివ్వాలి?"

"నాకే సార్."

"మీకిస్తే నాకూ ఇచ్చుకోవాలి. సీసా చూడకుండా మనిషిని చూశాను" అన్నారు. ధ్రువపత్రంలో అంకె దిద్దించి సంతకం చేశారు. కొన్ని వారాలకు అవతలి పరీక్షాశాల నుంచి వచ్చిన అంకె దానితో కలిసింది. ఇద్దరు కుర్రాళ్ళ ఉద్యోగాలూ ఖాయమయ్యాయి.

ఏ విశ్వవిద్యాలయం గొప్పదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరు మనుషులనూ ఒక సీసానూ చూసి దాన్ని తేల్చేస్తే నేను చదివిన శాస్త్రానికి అర్థం లేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఒక చోట అన్నీ అమర్చిపెట్టి, నోరు తెరవడం నేర్పారు. మరో చోట ఏమీ అమర్చలేక చేతికి పని నేర్పారు, నోరు మూయించారు. మొదటి చోటి లోటు మా పరీక్షాశాలలో సులువుగానే తీరింది; మోహన్ ఆ వారం నుంచే తన ద్రావణం తాను సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. రెండో చోటిది తీర్చడం కష్టం. లేబుల్ మీద నా సంతకం కింద మరో గీత గీయించాను. కలిపినవారు కాక వేరొకరు, సీసాలో పోసిన తర్వాత పరీక్షించి, అక్కడ సంతకం చేయాలి. ఆ పని పైడిరాజుకు అప్పగించాను. మొదటి సీసా ముందు కలం పట్టుకుని అతను చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా నెలల తరబడి, తలవంచుకునే సంతకం చేసేవాడు.

చలికాలంలో ఒక ఉదయం నా గదిలోకి వచ్చాడు. చేతిలో నా సీసా ఉంది. రెండో గీత ఖాళీగా ఉంది.

"మేడమ్, దీని మీద నాను సంతకం ఎట్టను. ఎక్కువ పడతంది."

నేను లేచి వెళ్ళి సరిచూశాను. ద్రావణం సరిగ్గానే ఉంది. అతని బ్యూరెట్ కుళాయి సన్నగా కారుతోంది. ఆ సంగతి అతనికి చెప్పాను. అంతకంటే ముందు థాంక్స్ చెప్పాను.