మ్యాపులో లేని కొళాయి

ఎనభైల్లో నేను కలకత్తాలో టౌన్ ప్లానింగ్ చదివేదాన్ని. నాన్న రైల్వే గార్డు, ఇల్లు హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో. ఒకసారి మా మాస్టారు హౌరాలో ఏదైనా సందు కొలిచి మ్యాపు గీసుకురమ్మన్నారు.

నేనూ, నా స్నేహితురాలు మిఠూ టేపు పట్టుకుని ఒక గుమ్మం ముందు వంగామో లేదో, "రోడ్డు వెడల్పు చేస్తారట, ఇళ్ళు కూలగొడతారట!" అని ఎవరో బెంగాలీలో అరిచారు. సందంతా కదిలి వచ్చింది. మమ్మల్ని అక్కడి క్లబ్బు గదిలో కూర్చోబెట్టి ఘెరావ్ చేశారు. బయట నినాదాలు. మధ్యలో వాళ్ళే మాకు చాయ్, మరమరాలు తెచ్చిపెట్టారు. కలకత్తా ఘెరావ్ అంటే అంతే మరి!

"అమ్మో, ఇప్పుడేటి చెయ్యాలి!" అన్నాను ఏడుపు గొంతుతో.

గుమ్మంలో పిడికిలెత్తి అరుస్తున్న ఒక ముసలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఓలమ్మా, మన తెలుగు పిల్లవేటే? ఈ కొలతలేటి?"

"చదువు కోసం మామ్మా. మా మ్యాపు చూసి ఎవరూ ఒక్క ఇటుక కూడా కదపరు."

ఆవిడ ఆ మాట బెంగాలీలో చెప్పగానే అందరూ గొల్లున నవ్వి దారిచ్చారు. వెళ్ళబోతుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కాయితమే కదేటే, ఆ మలుపుకాడ ఒక కొళాయి ఎట్టీ. నీళ్ళకి శానా దూరం పోతన్నాం."

పెట్టాను. లేని కొళాయి గీసినందుకు మాస్టారు మార్కులు కోశారు. చెరిపేస్తే వేస్తానన్నారు. చెరపలేదు.

ఉద్యోగంలో ఎన్ని ఊళ్ళ మ్యాపులు గీశానో! ఇప్పటికీ ఏ సందు గీసినా, నా పెన్సిల్ ముందుగా మలుపు దగ్గరే ఆగుతుంది.