గట్టు మీద గడ్డి నిలవని బారు

అప్పాయమ్మకు గడ్డి వేయడం తప్ప మరో పని రాదు. ఆ పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టగలవాడు పుట్టలేదు. గోదారికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక, గట్లు కోసుకుపోకుండా మట్టితో సహా కోసిన గడ్డి పెళ్ళలు పరచవలసి వచ్చింది. ఆ గట్ల మీదే మోకులు భుజాన వేసుకుని పడవలు లాగేవాళ్ళు నడిచేవారు. వాళ్ళ కాళ్ళ కింద ఒట్టి గరిక ఎండల్లో చచ్చేది. ఒట్టి తుంగ వానల్లో మనుషుల్ని జార్చి పడేసేది. అప్పాయమ్మ రెండూ కలిపి, మధ్యమధ్య లంకల్లో దొరికే మొండి గడ్డి పిలకలు గుచ్చేది. ఆ కలగలుపు ఊరంతా తొక్కినా మళ్ళీ లేచేది.

గడ్డి వేసేవాళ్ళకో ఆనవాయితీ ఉండేది. మొదటి పెళ్ళ మీద ఆ దారిన నడిచేవాడు కాలు మోపాలి, దారి అతనికి అలవాటు పడుతుందని. కాకినాడ కాలవ గట్టు మీద మొదటి పెళ్ళను ఆమె తన మొగుడు చిట్టియ్య చేత తొక్కించింది. అతను పడవ లాగేవాడు. చిన్నప్పుడు విరిగిన ఎడమకాలి మడమ నేలకు ఆనక, ఆ కాలి వేళ్ళ మీదే నడిచేవాడు.

"నీ కుంటి అడుగుకే నా గడ్డి సగం చస్తంది మావా," అని ఆటపట్టించేది.

ఒక వరదలో చిట్టియ్య మోకుతోపాటు కాలవలో పడ్డాడు. శవం దొరకలేదు.

తర్వాత పడవలు లాగే దారిని అవతలి గట్టుకు మార్చారు. ఇవతల అడుగు పెట్టేవాడే లేడు. అయినా ఒక్క బారున గడ్డి చచ్చిపోతూ వచ్చింది. గరిక ఎక్కువ వేసి చూసింది, తుంగ ఎక్కువ వేసి చూసింది, మొండి గడ్డి ఒక్కటే గుచ్చి చూసింది. ఏదీ నిలవలేదు. ఓ పొద్దున మంచు తడిలో వంగి చూస్తే, నలిగిన గడ్డిలో ఒక నిండు పాదం, పక్కన వేళ్ళ గుర్తు మాత్రమే. మళ్ళీ నిండు పాదం, మళ్ళీ వేళ్ళు. ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ భయంలోనే ఎక్కడో సంతోషమూ కలిగింది, దానికి సిగ్గుపడింది.

గట్టు కింద పల్లంలోనే వాళ్ళ పేట గుడిసెలన్నీ. బోడి మట్టి గోదారి పొంగుకు ఆగదు. కాలవ పనులు చూసే ఓవర్సీరు జగన్నాథరావు గారు వచ్చి చూసి చిరాకు పడ్డారు.

"ఎవడో రోజూ తొక్కుతున్నాడు. వానలు ముంచుకొస్తున్నాయి, తుమ్మకంప పరిచెయ్యి అప్పాయమ్మా."

"వద్దండి బాబుగారూ. కాళ్ళకి గుచ్చుకుంటాయండి."

"ఎవరి కాళ్ళకి?"

ఆమె వంగి నలిగిన పరకలు సరిచేసింది. ఈ దారి చిట్టియ్యకు అలవాటు చేసింది తానే కదా. ఆయన వెళ్ళాక ఆ మొదటి పెళ్ళను గునపంతో మట్టితో సహా పెకలించింది. తట్టలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా గట్టు దిగింది. వెనక గడ్డి మీద అడుగుల చప్పుడు, ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. గుడిసె గడప ముందు గుంట తీసి పెళ్ళను నాటింది.

"ఇంక ఇక్కడే నడు మావా. గట్టు జోలికెళ్ళకు," అంది.

ఆ ఏటి వరదకు గట్టు పచ్చగా నిలిచింది. అప్పాయమ్మ వాకిట్లో మాత్రం గడ్డి బతకలేదు. ఇన్ని గట్లకు పచ్చిక వేసినదాని ఇంటి ముందు ఈ బోడి నేలేమిటని ఎవరైనా అడిగితే నవ్వేసేది. నడుం వంగిపోయాక కూడా రోజూ ఆ నేల ఊడ్చి, ముళ్ళూ రాళ్ళూ ఏరి పారేసేది.

ఆమె పోయాక, కర్మ దినాలు పూర్తి కాకముందే వాకిలి నిండా గరిక మొలిచింది. గడప దాకా వచ్చింది. ఎక్కడా ఒక్క పరక నలిగి లేదు.