సందుల్లేని కంచె

నేను దర్జీని. అందరూ నన్ను సన్నకుట్టు మాస్టారంటారు. బట్ట చిరిగినా నా కుట్టు ఊడదని పేరు. ఆ పేరే నా కొంప ముంచబోయింది. మాటవరసకు అనడం లేదు.

మా ఇల్లు సముద్రం వైపు చివరిది. వెనక పొడుగాటి గది, అందులో నా మిషను. దాని వెనకున్న ఇసుకదిబ్బను కిందటి తుఫాను మింగేసి, పనిలోపనిగా మా స్నానాలగదినీ పట్టుకుపోయింది. ఇక మిషను గది వంతే మిగిలింది. అది పోతే మాకు తిండి లేదు.

తీరం కోతపడకుండా చూసే అమ్మాయి వచ్చి, ఇసుకలో కర్రల కంచె వేస్తే గాలి మోసుకొచ్చే ఇసుక అక్కడ ఆగి దిబ్బ మళ్ళీ పెరుగుతుందని చెప్పింది. ఎవరింటి వెనక వాళ్ళే వేసుకోవాలి.

"కర్రకీ కర్రకీ మధ్య సందు వదలండి మాస్టారూ. గాలి దూరాలి."

"అలాగేనమ్మా," అన్నాను. పని చేతకానివాళ్ళే సందులు వదులుతారని మనసులో అనుకున్నాను.

సగం కంచె నాది, సగం మా ఆవిడది. నేను టేపు పెట్టి కొలిచి, కర్రకు కర్ర ఆనించి, చీమ కూడా దూరకుండా దారంతో బిగించాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పక్కింటావిడతో కబుర్లు చెబుతూ తోచినచోటల్లా ఒక కర్ర గుచ్చింది.

"కంచె వేశావా, ముసలాడి పళ్ళు పేర్చావా?" అన్నాను.

"మీ పళ్ళకంటే నయమేలెండి," అంది.

దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ నా పనితనం చూపించాను.

గాలుల కాలం వచ్చింది. ఆవిడ వైపు ఇసుక మోకాలెత్తు పేరుకుంది. నా వైపు గాలి కంచెను గుద్దుకుని, కింది ఇసుకను తవ్వుకుపోయింది. ఒక్క కుట్టూ ఊడలేదు. కుట్లతో సహా కంచె మొత్తం పక్కకు ఒరిగింది.

"ఇంత బిగించి ఎవరు కట్టారండీ?" అంది మళ్ళీ చూడ్డానికి వచ్చిన ఆ అమ్మాయి. నేను సముద్రం వైపు చూశాను.

"మా ఆయనేనమ్మా. మంచి పనిమంతుడు," అంది ఆవిడ.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, నాకు భయం వేసింది. ఇంటి వెనక గొయ్యి తవ్వించింది నేనే. కత్తెర తీసుకుని నా కుట్లు నేనే విప్పాను. ఒక కర్ర ఉంచి ఒక కర్ర పీకేశాను. ఖాళీలు చూస్తుంటే చేతులు దురదపెట్టాయి.

నా వైపు ఇసుక ఇంకా చీలమండ దాటకముందే తుఫాను కబురొచ్చింది. ఆ సాయంత్రం మిషనును గదిలో ఆవిడ కంచె వైపున్న మూలకు జరిపాను. ఆవిడ చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఒక చెయ్యి వేసింది.

తెల్లారాక చూస్తే నా వైపు గోడ మూల కూలిపోయి ఉంది. నీళ్ళు అటు నుంచే వచ్చి గది మధ్యదాకా పాకాయి. ఆవిడ దిబ్బ సగం కరిగినా నిలబడే ఉంది. మిషను తడవలేదు.

ఇప్పుడు కంచె అంతా ఆవిడే వేస్తోంది. నేను కర్రలు అందిస్తున్నాను. నిన్న ఒక కర్ర మరీ వంకరగా గుచ్చింది. సరిచేద్దామని చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాను. దారిన పోయేవాళ్ళను పిలిచాను.

"చూశారా, మా ఆవిడ వేసింది!"