పెద్దమ్మ కాచిన దోమల నూనె

మా పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. జ్వరం లేదు, నొప్పి లేదు. కుడితి కలుపుతూ కలుపుతూ దొడ్డిలోనే ఒరిగిపోయిందట. కబురు విని నేను చాంద్రాయణగుట్ట నుంచి ఉరికొచ్చేసరికి గల్లీ అంతా గడపలోనే ఉంది. అప్పటినుంచి ఈ ఇంట్లో రెండు దిగుళ్లు. ఒకటి ఆమె లేకపోవడం. రెండోది, దొడ్డిలో మిగిలిన ఒక్క బర్రె పాలు చేపకపోవడం. తన దూడ చచ్చాక అది పెద్దమ్మ చేతికి తప్ప ఎవరికీ చేపదు. పొదుగు రాయిలా గట్టిపడుతోంది. ఇట్లాగే ఉంటే బర్రె దక్కదని ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ పాలే ఆయనకు బువ్వ.

మీలో ఎవరైనా మా గల్లీకి పాలకు వచ్చి ఉంటే ఆమెను మరిచిపోరు. చెంబు చాపగానే పోసేది కాదు. ముందు వచ్చినవాళ్ల మోచేతులకు, మడమలకు తన దోమల నూనె రుద్దేది. ఒకసారి అత్తరు దుకాణం భాయ్ "క్యా అమ్మా, దూధ్ లేనేకు ఆయా తో తేల్ లగా రైఁ?" అని, పాలకొస్తే నూనె రాస్తున్నందుకు నవ్వాడు. "నవ్వు భాయ్, మస్తు నవ్వు. చలిజ్వరమొస్తే గిట్లనే నవ్వుతవా?" అంటూ ఆయన రెండో చెయ్యి కూడా లాక్కుంది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆమె ఒక్కగానొక్క బిడ్డ చలిజ్వరంతోనే పోయింది. ఆ వానకాలం తర్వాతే ఈ నూనె మొదలైంది. సర్కారు మనుషులు గోడలకు డీడీటీ కొట్టి పోయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. గానుగ నుంచి వేపనూనె తెచ్చేది. వావిలాకు దంచి, ఆ పసరు అందులో పోసి, చిటపటలు ఆగేదాకా సన్నని సెగ మీద కాచేది. వడకట్టి, బాగా చల్లారాకే కర్పూరం, భాయ్ దుకాణంలో కొన్న నిమ్మగడ్డి నూనె కలిపేది. నేను తొందరపడితే కసిరేది. "వేడి మీద ఏస్తే వాసనంత గాలికే పోతదే. గాలిని కుడుతయా దోమలు?" నాకు నవ్వొచ్చేది. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఆ భయమే ఒకసారి కొంప ముంచింది. చాలా ఏళ్ల కింద, ముసురు పట్టిన రోజున అప్పటి బర్రె ఒకటి ఈనింది. దూడ మీద ఈగలూ దోమలూ కమ్ముకున్నాయి. తల్లి ఇంకా నాకకముందే పెద్దమ్మ దూడను తుడిచి, ఒళ్లంతా నూనె పట్టించింది. తల్లి వాసన చూసి ఒక్క తన్ను తన్నింది. పాపం, దూడ తడబడుతూ లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ తన్నింది. సున్నిపిండితో కడిగారు, తవుడూ బెల్లమూ రాసి నాకించబోయారు. ఊహూ, దగ్గరికి రానిస్తేనా!

"ఏం ఫికరే నీది! మేం చాలలేదా, ఇప్పుడు పుట్టినదానికి గూడ నూనెనా?" అని పెద్దబాపు లొల్లి చేశాడు. మాటకు మాట అప్పజెప్పే పెద్దమ్మ, ఆ రోజు మెల్లగా అంది. "తల్లి ఉండంగనే తల్లి లేనిదాన్ని చేసిన. ఇగ నేనే సాకుత."

సాకింది. పాలలో వేళ్లు ముంచి చప్పరింపజేసేది. వేళ్లు ఎంత కడిగినా మోచేతులకు ఆ వాసన పోయేది కాదు. దూడకు తల్లంటే ఆ వాసనే అయింది. ఇప్పుడు దొడ్డిలో మిగిలిన ఈ బర్రె ఆ దూడే. పెద్దమ్మ చెంబు పట్టుకుని కూర్చోగానే ఆమె చేతులు వాసన చూసి, అప్పుడే చేపేది. "నా బిడ్డ" అనేది ఆమె.

మొన్న ఆమెకు శీకాయతో తలంటి, పసుపు రాసి స్నానం చేయించాం. నేనూ నీళ్లు పోశాను. దొడ్డి ముందు నుంచి తీసుకుపోతుంటే బర్రె మెడ చాపి వాసన చూసింది. చూసి, ఎవరో పరాయి మనిషి అన్నట్టు గడ్డి వైపు తిరిగింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఈ సాయంత్రం పొదుగు ముట్టుకుంటే కాలిపోతోంది. అప్పుడు తట్టింది నాకు. గూట్లో సీసా దించాను. అడుగున కొంచెమే ఉంది. మోచేతుల దాకా రాసుకుని చెంబుతో కూర్చున్నాను. బర్రె మూతి నా చేతికి ఆనించి చాలాసేపు వాసన చూసింది. పాలు జివ్వున చెంబులో పడ్డాయి. వెనక పెద్దబాపు గుంజకు ఆనుకుని వెక్కిళ్లు పెట్టడం వినబడుతోంది. నేను తిరిగి చూడలేదు. బర్రె నా మోచేతిని నాకుతోంది, ఉన్న ఆ కాస్త నూనె కూడా పోయేదాకా.