ఆపా మెడలో మైకు

ఆదివారం పొద్దున్న మా అక్క రేపల్లె ప్యాసింజర్‌లో తెనాలి వచ్చి, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి మా వీధి మలుపు తిరిగేసరికి, మా నాన్న చెవులకి మిషన్ పెట్టుకుని ముందుగదిలో సిద్ధంగా కూర్చుని ఉంటాడు. మిగతా వారమంతా ఆ మిషన్ డబ్బాలో నిద్రపోతుంది. మిగతా వారమంతా ఆయనతో ఉండేది నేను. ఈ నాలుగు ముక్కలు చెబితే నా కడుపుమంట మొత్తం చెప్పినట్టే. అయినా వివరంగానే చెబుతాను, ఎవరో ఒకరు వినాలి కదా.

నాన్నని మేము అబ్బా అంటాం, అమ్మని అమ్మీ అనేవాళ్ళం, అక్కని నేను ఆపా అంటాను. మా ఇళ్ళల్లో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకుంటారు గాని, షాపులో బేరాలన్నీ తెలుగులో చేసీ చేసీ అబ్బాకి ఇంట్లోనూ తెలుగే అలవాటైపోయింది. ఆయన రేకు పెట్టెలు చేసేవాడు. ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బాలు, కాలేజీ హాస్టలుకి వెళ్ళే పిల్లలకి తాళం వేసుకునే చిన్న పెట్టెలు. పొద్దస్తమానం రేకు మీద సుత్తి. షాపు ముందు నుంచి నడిచిపోయేవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు, లోపల కూర్చున్న ఆయన మాత్రం ఎప్పుడూ మూసుకోలేదు. ఆపా పెళ్ళై రేపల్లె వెళ్ళేనాటికి ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతే ఒక్కొక్కటీ వినపడడం మానేసింది. మొదట ఫోను మోత పోయింది. తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. ఆ తర్వాత నేను పోయాను.

అమ్మీ పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అందుకని అరవడం మొదలుపెట్టాను. అన్నం తిన్నావా అని అరుపు, బిళ్ళ వేసుకున్నావా అని అరుపు, తలుపు గడియ పెట్టుకో, నేను రైలుకి వెళ్తున్నా అని అరుపు. మా ఇంట్లో ఇవాళ ఏం కూరో, అబ్బాకి రాత్రి నిద్ర పట్టిందో లేదో, వీధి వీధంతటికీ నా నోటి ద్వారానే తెలిసేది. పాలు పోసే ఆవిడ నన్ను ఆపి, "మీ నాన్నగారికి దగ్గు తగ్గిందా అండి" అని అడిగేది. తగ్గిందని ఆవిడకి ఎటూ తెలుసు, మర్యాదకి అడిగేది.

ఇలా గొంతు చించుకున్న తర్వాత రైలెక్కి బాపట్ల వెళ్తాను. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్స్ ల్యాబ్ నాది. మాటని తరంగం మీద ఎక్కించి పంపడం, అవతల దించుకోవడం పిల్లలకి నేర్పుతాను. దించుకోవడాన్నే డీమాడ్యులేషన్ అంటారు. మొదటి రోజు ఎవరికీ అర్థం కాదు. అప్పుడు మా రేపల్లె ప్యాసింజర్ సంగతి చెబుతాను. తెనాలిలో మనిషి ఎక్కుతాడు, రేపల్లెలో దిగుతాడు, దిగాక రైలుని ఇంటికి తీసుకుపోడు కదా. మాట మనిషి, తరంగం రైలు. దిగాల్సినవాడు చెయ్యీ కాలూ సరిగ్గా ఉండి దిగాడా లేదా అన్నదే మనం చూడాలి. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు.

ఆ ల్యాబ్‌లో నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. పంపే మాటని కావాలని హద్దు దాటించి, మరీ గట్టిగా పెట్టిస్తాను. తరంగం ఆకారం చెడిపోతుంది. అవతల దించుకుంటే నున్నటి అల రాదు, తలా తోకా తెగిన ముక్కలు వస్తాయి. స్పీకరు తగిలిస్తే బరబరమని చెవులు కోస్తుంది. పిల్లలు చెవులు మూసుకుంటారు. "ఏంటి, గట్టిగా పంపితే బాగా వినపడుద్దనుకున్నారా? తగ్గించండి" అంటాను. ఈ మాట అనడంలో నాకొక దర్జా ఉంది, ఒప్పుకుంటాను.

అబ్బాకి చెవి మిషన్ పెట్టించాలని పట్టుబట్టింది నేనే. ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది నేను, ఏ రకం మంచిదో వారాల తరబడి చదివి తెలుసుకుంది నేను, మిషన్‌తో పాటు మెడలో వేసుకునే చిన్న మైకు కూడా ఉంటే బాగుంటుందని తెప్పించింది నేను. ఆ మైకు తాయెత్తు కన్నా కాస్త పెద్దది. దాన్ని మెడలో వేసుకున్నవాళ్ళు ఇంట్లో ఏ మూల నుంచి మాట్లాడినా, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఆయన చెవిలో పలుకుతుంది. లోపలి పద్ధతి మా ల్యాబ్‌లో ఉన్న పాత పద్ధతి కాదు. మాటని అంకెల్లోకి మార్చి పంపుతారు. అయినా ఎక్కించడం ఎక్కించడమే, దించడం దించడమే. ఒక్క మైకే ఉంది కాబట్టి ఒకసారికి ఒక్కళ్ళ గొంతే. మా ఇంట్లో చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి రోజు ఆపా కూడా వచ్చింది. మైకు ముందు నా మెడలోనే వేసుకున్నాను, అది నా హక్కు అనుకున్నాను. అబ్బా ఎదురుగా నిలబడి, "అబ్బా! వినపడుతోందా!" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, "వినపడింది, వినపడింది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. కొత్త కదా అనుకున్నాను. తర్వాత ఆపా వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడి నుంచి ఏదో గొణిగింది. నాకు వినపడనే లేదు. ముందుగదిలో అబ్బా ముఖం విచ్చుకుంది. "బొమ్మిడాయిలా! ఏ రేవువి?" అని గట్టిగా అడిగాడు. నా కళ్ళ ముందే ఆ ఇద్దరి మధ్యా ఒక దారి పడింది. ఆ దారి వేసింది నేను. దాని మీద నడిచేది ఆమె.

ఆ మర్నాటి నుంచి మిషన్ డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఎందుకు తీశావంటే, "ఛార్జింగ్ అయిపోద్దమ్మా" అన్నాడు. రోజూ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, కరెంటు మన ఇంట్లోనే ఉంది అని అరిచి చెప్పాను. ఆయన టార్చిలైటు సెల్లుల కాలం మనిషి. వాడినకొద్దీ అరుగుతుందనే ఆయన లెక్క. "ఎందుకులే, ఆదివారానికి ఉండనీ" అన్నాడు. ఆదివారానికి! ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. అంటే నాతో గడిచే రోజులకి చెవులు అక్కర్లేదు, ఆమె వచ్చే పూటకి మాత్రం దాచుకోవాలి. పండక్కి దాచుకునే కొత్త బట్టలా ఆపా, రోజూ కట్టుకుని ఉతికే పాత లుంగీలా నేను.

పోనీ ఆమె చెప్పేవి ఏమైనా పనికొచ్చే మాటలా అంటే అదీ కాదు. రేపల్లె బజార్లో ఎవరు ఎవరితో తగువు పడ్డారు, ఎదురింటి కోళ్ళు ఎవరి గోడ ఎక్కాయి, చేపలమ్మే పిన్నిగారు తక్కెడ ఎలా పడుతుంది. ఇవే. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ గాలిలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుతుంది. ముందుగదిలోంచి ఈయన నవ్వులు, జవాబులు. మధ్యగదిలో నేను పిల్లల రికార్డులు దిద్దుతూ, ఆ నవ్వులకి కారణం తెలియక పేజీ మీద పేజీకి ఎర్ర గీతలు పెడుతుంటాను. ఒక శనివారం ఆ మైకుని ఛార్జింగ్ పెట్టకుండా వదిలేద్దామా అనిపించింది. వదల్లేదు. పెట్టాను. నేను నింపిన కరెంటుతో ఆమె హాయిగా కబుర్లు చెప్పుకుని వెళ్ళింది.

ఒకసారి అబ్బాని రేపల్లె తీసుకెళ్ళాను. ఆపా మైకు మెడలో ఉండగానే, వీధిలోకి చేపల బుట్ట వచ్చిందని బయటికి వెళ్ళింది. కొంత దూరం దాటితే ఆ మైకు మాట అందదు, తెగిపోతుంది. నడవాలో కూర్చున్న అబ్బా తల పక్కకి వంచి, లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. తర్వాత మెట్లు దిగాడు. తర్వాత వీధిలోకి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోలేదు. ఆమె మాట తెగకుండా ఉండడానికి, దూడలా ఆమె వెనకాలే బుట్ట దాకా నడిచాడు. తెనాలిలో అన్నానికి రమ్మని ముందుగదిలోకి వెళ్ళి భుజం తడితే గాని ఈయన కదలడు. నేను గుమ్మంలో ఆయన చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, కోపం ముందు నిలబడి ఆపేసింది.

ఆపా మంచిది. అదే నా బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు నాతో అంది కూడా. "ఎందుకే ఛోటీ అంత అరుస్తావు? ఇప్పుడు మిషన్ ఉంది గదా."

"వారానికోసారి వచ్చేవాళ్ళ గొంతు మెత్తగానే ఉంటదిలే" అన్నాను.

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్నటి ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. ఆపా వచ్చింది. అబ్బా ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, మిషన్ చెవుల్లో ఉంది. కాసేపు మామూలు కబుర్లు నడిచాయి. తర్వాత ఆపా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆవిరి తగిలితే పాడవుతుందని వంట చేసేటప్పుడు మైకు తీసి అలమరలో పెట్టమని నేనే చెప్పి ఉన్నాను. ఆమె మెడలో తాడు కనపడలేదు, తీసిందనుకున్నాను. టీ మరుగుతోంది. అబ్బా భోంచేశాక నిద్రపోకుండా ఆపాని స్టేషన్‌లో దింపడానికి తానూ ఆటోలో వస్తానన్నాడని ఆమె నవ్వుతూ చెప్పింది. నాకు లోపలి నుంచి తన్నుకొచ్చింది. నేను రోజూ రైలుకి వెళ్తుంటే ఆయన గుమ్మం దాకా కూడా రాడు.

మా వంటింటి కిటికీ పక్కింటివాళ్ళ వాకిట్లోకి ఉంటుంది. అక్కాచెల్లెళ్ళం ఏదైనా చెప్పుకోవాలంటే దగ్గరకి జరిగి చాలా మెల్లగా మాట్లాడుకుంటాం. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. ఆపా భుజం మీదకి వంగి అన్నాను.

"నువ్వంటే ఎంత ప్రేమో. నువ్వు వస్తున్నావంటే ముఖం వెలిగిపోద్ది. నాకేం కోపం లేదు ఆపా, నిజంగా లేదు. కానీ నేను చేసేవన్నీ చెయ్యాల్సినవే అన్నట్టు ఊరుకుంటాడు చూడు, అది తట్టుకోలేను. నాకూ చెప్పుకోవాలని ఉంటది. ఇవాళ రైల్లో ఇలా జరిగింది, కాలేజీలో ఇలా అన్నారు అని. ఒక్క పూట నా మాట వినిపించుకుంటే చాలని ఉంటది. అబ్బా పక్కనే ఉన్నా, అబ్బా లేనట్టే ఉంది నాకు."

ఆపా గరిట పక్కన పెట్టింది. నా వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడే ముందుగదిలోంచి అబ్బా గొంతు వినిపించింది.

"పెద్దమ్మాయ్! ఎవరొచ్చారమ్మా?"

ఆపా చెయ్యి చటుక్కున కొంగు కిందకి వెళ్ళింది. మైకు అక్కడే ఉంది. కొంగు తీసేసరికి దాని ఆకుపచ్చ దీపం వెలుగుతూ కనపడింది.

"ఎవరో గాని మెత్తటి మనిషమ్మా" అంటున్నాడు అబ్బా. "ఎప్పుడూ విన్న గొంతు కాదు. పాపం వాళ్ళ నాన్న దగ్గర చాలా కష్టంగా ఉన్నట్టుంది. ఊరికే పంపకు, కాస్త టీ ఇవ్వు. కూర్చోబెట్టి మాట్లాడు."

ఆపా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు రాలేదు. నాకు వచ్చింది మళ్ళీ అసూయే. ఈసారి ఆపా మీద కాదు. ఎక్కడి నుంచో వచ్చి, మా వంటింట్లో నిలబడి నాలుగు మాటలు చెప్పి, మా అబ్బా చేత పాపం అనిపించుకుని, టీ ఇప్పించుకున్న ఆవిడ మీద. ఇన్నేళ్ళుగా ఆయన కోసం గొంతు చించుకున్నదాన్ని నేను. ఆయన మనసు కరిగింది ఆవిడకి.

ఆపా మైకు తీసి నా మెడలో వేసింది. టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "వెళ్ళు. వెళ్ళి చెప్పు" అంది.

ముందుగదిలోకి వెళ్ళాను. అబ్బా నన్ను చూసి, నా పక్క నుంచి వంగి వెనకకి చూశాడు.

"ఆవిడ వెళ్ళిపోయిందా?"

అక్కడే నిలబడ్డాను. మైకు నా గుండెల మీద ఉంది. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆయన ముఖం ఎదురుగా కనపడేసరికి, ఇన్నేళ్ళ అలవాటు, ఊపిరి నిండా పీల్చుకుని, "నేనే అబ్బా! మాట్లాడింది నేనే!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ చెవుల దగ్గరికి వెళ్ళాయి. మిషన్ తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ అన్నాడు.

"ఆవిడ మళ్ళీ వస్తే చెప్పమ్మా. పెట్టుకుంటా."