పట్టికలో లేని ఊరు

వయసులో ఉన్నప్పుడు నాకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి నా దస్తూరి. రెండోది నా కోపం. కోపాన్ని చూసి గర్వపడకూడదని ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు. ఆ రెండూ కలిసి అరకు కొండల్లో ఒక్క పూటలో ఒకావిడ ఏడాది తిండికి ఎసరు పెట్టాయి. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట ఇది.

అప్పట్లో నేను కొండల కింద మైదానంలోని ఒక పట్నంలో, ఒక సేవా సమాజంలో గుమాస్తాని. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద జనం తమంతట తాము నడుపుకుంటున్న ధర్మ సంస్థలు ఎన్ని, ఎన్ని రకాలు అన్నది ఒక పుస్తకంగా అచ్చు వేయించాలని పెద్దలకి బుద్ధి పుట్టింది. మా ప్రాంతం వంతు నా నెత్తిన పడింది. దళసరి అట్ట పుస్తకం ఒకటి కొని, పేజీ పేజీకీ ఎర్ర సిరాతో గీతలు కొట్టుకున్నాను. సంఘం పేరు, అధ్యక్షుడు, కార్యదర్శి, స్థాపించిన సంవత్సరం, ఉద్దేశం, సభ్యుల పేర్లు. గీతలు ఎంత తిన్నగా వచ్చాయంటే, కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

నెల రోజులు ఊళ్లు తిరిగాను. ఇన్ని రకాలుంటాయని నేను కల్లో కూడా అనుకోలేదు. దారిన పోయేవాళ్లకి మజ్జిగ పోసే చలివేంద్రాలు, సత్రాలు, భజన సమాజాలు, వితంతువులకి చదువు చెప్పే స్త్రీ సమాజం. ఒక ఊళ్లో గోసంరక్షణ సంఘం ఉంది గానీ ఆవు లేదు. ఇంకో ఊళ్లో మద్యపాన నిషేధ సంఘం కార్యదర్శి మూతి తుడుచుకుంటూ వచ్చి నాకు స్వాగతం చెప్పాడు. దిక్కులేని శవాలకి దహనం చేసే సంఘం మాత్రం నన్ను కదిలించింది. దానికి ఉన్నది నలుగురే సభ్యులు. ముగ్గురుంటే పాడె లేవదు కాబట్టి ఎవరూ ఊరు దాటి వెళ్లరట. అందరినీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఎక్కించాను.

ఇక ఏజెన్సీ పేజీ ఒక్కటి మిగిలింది. రెండు రోజుల్లో చేతులు దులుపుకుని రావచ్చనుకుని అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కాను. అక్కడ మిషన్ వాళ్ల చిన్న వైద్యశాల, దాని పక్కన బడి ఉన్నాయి. రెండింటినీ రాసుకున్నాను. ఆ బడి పంతులు మైదానం నుంచి వచ్చిన క్రైస్తవుడు, నెమ్మదస్తుడు. కొండల్లో పదేళ్లుగా ఉంటున్నాడు. అరకు వైపు ఒక ఊరికి తను వెళ్తున్నానని, నన్ను కూడా రమ్మని అన్నాడు.

ఆ ఊరు చేరేసరికి పొద్దు ఇంకా పైకెక్కలేదు. ఒక ఇంటి ముందు నేలలో పచ్చి కొమ్మ పాతి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. అదేమిటని అడిగితే పంతులు చెప్పాడు. ఏ ఇంట్లో చేసే చెయ్యి పడిపోతుందో ఆ ఇంటి ముందు ఎవరో ఒకరు కొమ్మ పాతుతారు. పాతింది ఎవరని ఎవరూ అడగరు. మర్నాడు ఊరంతా తమ పని మానుకుని ఆ ఇంటి పొలంలోకి దిగుతుంది. పని మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా ఎవరూ తమ పోడు చేను వైపు వెళ్లకూడదు. ఆ ఇంటివాళ్లు దండం పెట్టనక్కర్లేదు, కూడు పెట్టనక్కర్లేదు. ఎవరి అంబలి వాళ్లు ఆనపబుర్రలో తెచ్చుకుంటారు.

ఆ ఇంటావిడ భర్త చలికాలంలో జ్వరంతో పోయాడు. ఇద్దరు పసిపిల్లలు. ఇంట్లో విత్తనం కూడా మిగల్లేదు. ఊరికి ఉమ్మడిగా ఒక విత్తనాల గుడిసె ఉంది. కోతలయ్యాక ప్రతి ఇల్లూ అందులో కొన్ని చోళ్లు, అంటే రాగులు, పోస్తుంది, లేనివాళ్లు తీసుకుంటారు. ఆ గుడిసెని చూసుకునే ముసలమ్మ, ఆ ఏడు మిగిలిన చివరి బుర్రెడు విత్తనాన్ని ఈవిడకే ఇచ్చింది. తొలి జల్లు పడి నేల మెత్తబడింది. పెద్ద వాన దిగేలోగా గింజలు మట్టి కిందికి పోవాలి. పోకపోతే ఆ ఏటవాలులో నీళ్లు గింజల్ని ఊడ్చుకుపోతాయి. మళ్లీ చల్లడానికి గింజ లేదు. పడమటి కొండ మీద అప్పటికే మబ్బు కూర్చుని ఉంది.

ఇదంతా వింటుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇంతకంటే చక్కని సంఘం నా పుస్తకంలో ఇంకోటి లేదు. పంతులు పక్క ఊళ్లో జబ్బుగా ఉన్న బడిపిల్లని చూసి వస్తానని వెళ్లాడు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని పోడు దగ్గరికి నడిచాను. ముప్పై నలభై మంది వరసగా నిలబడి నేల గీరుతున్నారు. వాళ్ల ముందు ఆ ఇంటావిడ చిన్నపిల్లని వీపున కట్టుకుని గింజలు చల్లుతూ పోతోంది. అంచున ఒక రాయి మీద కూర్చుని, మీకు అధ్యక్షుడెవరని అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పని చెయ్యమన్నది ఎవరని అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు. ఎప్పుడు మొదలెట్టారంటే పొద్దున్నే అన్నారు. నాకు ఒళ్లు మండింది. సరే, సభ్యుల పేర్లన్నా రాసుకుందామని ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలుపెట్టాను. మొదటి నలుగురైదుగురు తడబడుతూ చెప్పారు. నేను తల వంచుకుని, గుండ్రంగా, తీరిగ్గా రాశాను.

తల ఎత్తి చూసేసరికి పోడులో మనుషులు లేరు.

పారలు ఎక్కడివక్కడ పడున్నాయి. అంబలి బుర్రలు చెట్టు కింద అలాగే ఉన్నాయి. పైన అడవి అంచులో ఆకులు కదులుతున్నాయి. మిగిలింది ఆ ఇంటావిడ, విత్తనాల గుడిసె ముసలమ్మ. సగం నేల గింజ చల్లించుకుని, మన్ను కప్పేవాళ్లు లేక అలా ఉండిపోయింది. ఏం జరిగిందో నాకు బోధపడలేదు. ఇదేం మర్యాద అని గొణుక్కున్నాను కూడా.

తిరిగొచ్చిన పంతులు నా ఒళ్లోని పుస్తకం చూసి నెత్తి పట్టుకున్నాడు. "పేర్లు రాశారా? ఎంత పని చేశారండీ," అన్నాడు. తర్వాత నెమ్మదిగా విప్పి చెప్పాడు. రెండేళ్ల కిందట ఇలాగే ఎవరో వచ్చి పేర్లు రాసుకుపోయారు. వారం తిరక్కుండా ఆ పేర్లవాళ్లందరినీ ఘాట్ రోడ్డు మీద రాళ్లు కొట్టడానికి వెట్టికి పట్టుకెళ్లారు. కూలి లేదు, సరైన తిండి లేదు. అందులో ఒకడు నెలల తరబడి జ్వరంతో తీసుకుని తీసుకుని, మొన్న చలికాలంలో పోయాడు. ఇప్పుడు మనం నిలబడింది అతని పోడులోనే అన్నాడు.

ఆ ఇంటావిడ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పడి ఉన్న పార ఒకటి తీసుకుని, అంత నేలనీ ఒక్కతే గీరుతోంది. మబ్బు కొండ దిగుతోంది.

ముసలమ్మ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ఆ పుస్తకం నాకిచ్చీ బాబూ."

ఈ ఊరి పేజీ చింపి ఇస్తానన్నాను. చింపబోయాను కూడా. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మాకు సదువు రాదు. ఏ కాయితంలో మావోలున్నారో, ఏ కాయితంలో లేరో మాకేటి తెలుస్తాది? మొత్తం ఇచ్చీ. బేగి ఇచ్చీ, వానొచ్చేత్తంది."

నాకు ముందు వచ్చింది కోపమే, దాచడమెందుకు. నెల రోజుల నడక అందులో ఉంది. అది లేకుండా తిరిగెళ్తే నా కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియదు. పాడె మోసే ఆ నలుగురు, మజ్జిగ పోసే చేతులు, అందరూ అందులోనే ఉన్నారు. ఇంతలో వీపు మీద పిల్ల ఏడ్చింది. తల్లి ఆగలేదు. పార పడిన చప్పుడు, పిల్ల ఏడుపు, మళ్లీ పార చప్పుడు. ఇంక అక్కడ నిలబడలేకపోయాను. పుస్తకం ముసలమ్మ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని తీసుకెళ్లి విత్తనాల గుడిసె దూలానికి తాడుతో వేలాడదీసింది. ఖాళీ బుర్రల పక్కన, పొగ తగిలే చోట. తర్వాత అడవి అంచుకి వెళ్లి ఏదో కేకేసింది. చాలాసేపు ఎవరూ రాలేదు. మొదట ఇద్దరాడవాళ్లు వచ్చారు. వాళ్లు గుడిసెలోకి తొంగి చూసి, పుస్తకాన్ని చూసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. అప్పుడు అందరూ దిగారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ముసలమ్మ మాత్రం ఒక పార తెచ్చి నా చేతికిచ్చింది. పని ఆపినవాడు పనిలో నిలబడాలట, అది కూడా కొమ్మ కట్టుబాటేనని పంతులు నవ్వాపుకుంటూ చెప్పాడు. ఆయన కూడా పంచె ఎగ్గట్టాడు. గంటలో నా అరచేతులు బొబ్బలెక్కాయి. నా వరస వంకరటింకరగా పోతుంటే పక్కనున్న ఆడమనిషి సరిచేస్తూ వచ్చింది. ఆఖరి గింజ మట్టి కిందికి పోయి, మేం ఊళ్లోకి వచ్చిన కాసేపటికి వాన దంచేసింది.

బయల్దేరేటప్పుడు ముసలమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "మా ఊరు నీ రాతలో ఎక్కడా ఉండకూడదు బాబూ." ఉండదని మాట ఇచ్చాను.

పట్నంలో గెడ్డ దాటుతుంటే పుస్తకం నీళ్లలో పడి కొట్టుకుపోయిందని చెప్పాను. చీవాట్లు పడ్డాయి గానీ కొలువు ఊడలేదు. గుర్తున్నంత మేరకు మళ్లీ రాశాను. ఏజెన్సీ పేజీకి వచ్చేసరికి కలం కాసేపు ఆగింది. వైద్యశాల, బడి రాసి, కింద ఒక వాక్యం చేర్చాను. "ఇవి తప్ప ఈ కొండ జనంలో పరస్పర సహాయం చేసుకునే సంఘమేదీ కనబడలేదు." మాట నిలబెట్టుకున్నానని అనుకున్నాను. ఏమీ రాయకుండా వదిలేసినా సరిపోయేదే. పేజీ ఖాళీగా ఉంటే పెద్దలు ఇంకో గుమాస్తాని పంపుతారని భయపడ్డాను.

పుస్తకం అచ్చయింది. చలికాలంలో జరిగిన సభలో మా అధ్యక్షులు ఆ వాక్యాన్నే పైకి చదివారు. ఒకరికొకరు సాయపడడం కూడా తెలియని ఈ అమాయకులకి అది నేర్పడానికి మనమే ఒక సంఘం పెట్టాలన్నారు. చప్పట్లు మోగాయి. కొండలు తిరిగి వచ్చినవాణ్ని కాబట్టి కార్యదర్శిగా నా పేరు ప్రతిపాదించారు. రెండో వరసలో కూర్చున్న నేను లేచి ఏమీ చెప్పలేకపోయాను. చెబితే ఆ ఊరు బయటపడుతుంది. చెప్పకపోతే నా వాక్యం నిజమై కూర్చుంటుంది. తల వంచుకుని కూర్చున్నాను. అంగీకారమనే అనుకున్నారు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద పంతులు ఉన్నాడు. పక్కన ఒక గుడ్డమూట. విప్పితే పైన నా పుస్తకం, అట్ట పొగకి నల్లబడి, ఒక్క కాగితం పోకుండా ఉంది. దాని కింద రెండు సోలల చోళ్లు. పంట చేతికొచ్చాక ఆ ఇంటావిడ, ఆ రోజు పోడులో దిగిన ప్రతి మనిషికీ చోళ్లలో ఒక పాలు పంచిందట. దండం పెట్టనక్కర్లేని పనికి పాలెందుకని ఊరివాళ్లు అన్నా వినలేదట. ముసలమ్మ వేళ్ల మీద ఒక్కొక్కరినే తలుచుకుంటూ వచ్చి, చివరి వేలు దగ్గర ఆగి, వంకర వరస బాబు ఉన్నాడు కదా అందట. కోత అయిపోయింది, ఈలోగా పేర్ల కోసం ఎవరూ రాలేదు కాబట్టి పుస్తకం కూడా ఇచ్చేయమందట.

పంతులు చెప్పడం ఆపేశాక మూట ముందే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి పని నా వల్ల కాదని ఉత్తరం రాసి పంపాను. తర్వాత పుస్తకంలోంచి ఆ ఊరి పేజీ చింపాను. నలుగురైదుగురి పేర్లు, గుండ్రటి దస్తూరి, తిన్నటి ఎర్ర గీతలు. దాన్ని పొయ్యిలో ఎండుపుల్లల కింద పెట్టి అంటించి, ఆ మంట మీదే ఆ చోళ్ల పిండితో అంబలి కాచాను. పంతులూ నేనూ చెరో గిన్నెడు తాగాం.